దమయంతి టీచరు కొలతలకు

నేను ఒక స్వెటర్ని. తల మీంచి తొడుక్కునే రకం కాదు. ముందు వైపు నిలువునా తెరుచుకుని బొత్తాలతో మూసుకునే రకం. దుకాణాల వాళ్ళు కార్డిగన్ అంటారు గానీ అరకులో ఒంటిమీద వెచ్చగా ఉండే ప్రతిదీ స్వెటరే, కాబట్టి నేనూ ఆ పేరుతోనే సరిపెట్టుకున్నాను. నాది గచ్చకాయ రంగు. మోచేతుల దగ్గర పలచబడ్డాను. జేబు దులిపితే ఇప్పటికీ సుద్దపొడి రాలుతుంది. నన్ను పరుపు మీద పరిచి చూస్తే మొట్టమొదట కనిపించేది ఇవేవీ కావు. నా కుడి ముందు భాగం ఎడమ దానికంటే బాగా ఇరుకు. చూసినవాళ్ళు అల్లిన మనిషికి లెక్క తప్పిందనుకుంటారు. లెక్క తప్పలేదు. ఆ లెక్క సరిగ్గా రావడానికి ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు ఎంత అవస్థ పడ్డారో నాకు తెలుసు.

నేను ఏ గొర్రె వీపు మీద పెరిగానో జ్ఞాపకం లేదు. మిల్లులో అన్ని గొర్రెల బొచ్చునూ కలిపి వడికేస్తారు. వంశం గురించి చెప్పుకునే అవకాశం మనుషులకున్నట్టు మాకు లేదు. నాకు తెలివి వచ్చేసరికి విశాఖపట్నంలో ఒక నూలు దుకాణం పై అరలో ఉండల రూపంలో ఉన్నాను. బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ. అలాంటి రోజున దమయంతి వచ్చి నన్ను కిందికి దింపించింది.

"ఈ ఎండల్లో ఊలేటమ్మా?" అన్నాడు దుకాణదారు, దుమ్ము దులుపుతూ.

"అరకులో ఉంటాం బాబూ. మొదలెడితే చలికాలానికి అవుతాది."

దమయంతి అరకులో ఆడపిల్లల హాస్టలు బడిలో హిందీ టీచరు. ఉద్యోగంలో చేరిన తొలి చలికాలంలో హాస్టలు మేట్రను దగ్గర అల్లిక నేర్చుకుంది. అప్పటినుంచీ ఆమె చేతుల్లో సూదులు లేని శీతాకాలం లేదు. ఆమెకు పిల్లలు లేరు. అందుకని బంధువుల పిల్లలందరికీ అల్లింది. వాళ్ళు పెద్దవాళ్ళయితే వాళ్ళ పిల్లలకు అల్లింది. తను మాత్రం మొగుడు వాడి వదిలేసిన స్వెటరు వేసుకుని చేతులు మడుచుకునేది. నన్ను కొన్నది కూడా తనకోసం కాదు, ఆయన కోసమే. ఆయన పేరు సత్యారావు. మండల సర్వేయరు. కొండవాలు పొలాల్లో గొలుసు లాగి, ఏ గట్టు ఎవరిదో తేల్చే ఉద్యోగం.

సత్యారావు స్వెటరు నాతో, వీపు భాగంతో మొదలైంది. దమయంతి రోజూ సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని అల్లేది. సూదులు కదులుతుంటే నేను వరస వరసగా పెరిగి ఆమె ఒళ్ళోకి దిగుతుండేవాణ్ణి. ఒకరోజు ఆమె కుడి చెయ్యి ఆగింది. మోచెయ్యి రొమ్ము పక్కకి తగిలిన చోట ఏదో గట్టిగా ఉంది. సూదులు కింద పెట్టి వేళ్ళతో తడిమి చూసుకుంది. తర్వాత మళ్ళీ సూదులు తీసుకుని, ఏమీ జరగనట్టు అల్లింది. మర్నాడూ అలాగే తడిమింది, అలాగే అల్లింది. సత్యారావు వీపు దాదాపు పూర్తయ్యేదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు. మనుషులు భయాన్ని ఎలా దాచుకుంటారో నేను అక్కడే నేర్చుకున్నాను. అంత చక్కగా, అంత సమానంగా ఆమె అంతకుముందు ఎప్పుడూ అల్లి ఉండదు.

చివరికి చెప్పింది. విశాఖలో పెద్దాసుపత్రికి వెళ్ళారు. పరీక్షలయ్యాయి. కుడి రొమ్ము తీసెయ్యాలన్నారు, తీసేశారు.

నేను ఆమె సంచిలో ఆసుపత్రికి వెళ్ళాను. పక్క మంచం మీద రూతమ్మ అని నరసాపురం నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. పల్లెల్లో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. అదే జబ్బుతో, దమయంతి కంటే కొన్నాళ్ళు ముందు అదే ఆపరేషన్ చేయించుకుంది. చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోతుందని డాక్టర్లు చెప్పడంతో దమయంతి నన్ను సంచిలోంచి తీసింది. ఒక్క వరసకే చెమటలు పట్టాయి.

"ఎవరికండీ అది?" అంది రూతమ్మ.

"మా ఆయనకండి. స్వెటరు."

"ఆయనకేం తొందరండీ, ఆయన చేతులు రెండూ పైకి లేస్తాయి కదండీ." రూతమ్మ తన చెయ్యి ఎత్తి చూపించింది. భుజం దాటి పైకి వెళ్ళలేదు. "చూశారా? తల మీంచి తొడిగేవి ఇక మనవల్ల కాదండి. ఆయ్, నేను జాకెట్టు దగ్గరే ఏడిచేశాను మొదట్లో. ముందు బొత్తాలుండేది అల్లుకోండి, మీకు. మెత్తగా, రోజూ వేసుకునేలాగ. పండక్కీ పబ్బానికీ కాదు."

"నాకోసం ఎప్పుడూ అల్లుకోలేదండి."

"అయితే మీ కొలతలు కూడా మీకు తెలీవన్నమాట," అంది రూతమ్మ. ఇద్దరూ నవ్వబోయి, కుట్లు లాగడంతో ఆగిపోయారు.

ఇంటికొచ్చాక సాయానికి వదినగారు కళావతి వచ్చింది. సత్యారావుకి అక్క, ఆయన నోట అప్ప. విజయనగరంలో మొగుడితో ఉంటుంది. భారీ మనిషి, పెద్ద గొంతు. వచ్చిన రోజునుంచీ దమయంతిని వంటింట్లో అడుగు పెట్టనివ్వలేదు. ఆమె పెట్టే వేడివేడి చారన్నంలో ప్రేమకి లోటు లేదు. కానీ ఒకరోజు కొంగు చాటునుంచి ఒక పొట్లం తీసి దమయంతి చేతిలో పెట్టింది. పాత మల్లు చీరతో కుట్టిన చిన్న మెత్త. లోపల దూది.

"జాకెట్లో పెట్టుకో. ఎవులికీ తెల్దు."

"తెలిస్తే ఏటవుతాది వదినా?"

"ఏటవుతాదేటే? నలుగురిలో తిరిగే ఉద్యోగం. పిల్లలు చూస్తారు, వాళ్ళ తల్లులు చూస్తారు. ఊరందరికీ చెప్పుకోవాలేటి? నా తమ్ముడి మొహం చూడు, ఎలగైపోనాడో."

తమ్ముడి మొహం నిజంగానే ఎలాగో అయిపోయింది. సత్యారావు మందులు తెచ్చేవాడు, పళ్ళరసం తీసేవాడు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. పెళ్ళాం వైపు మాత్రం చూసేవాడు కాదు. చూసినా మొహం దాకానే. "నిద్రలో చెయ్యి తగులుతాదేమో" అని పడక ముందుగదిలోకి మార్చుకున్నాడు. అది నిజమే కావచ్చు. కళావతి వెళ్ళిపోయిన మర్నాడు దమయంతి నన్ను తీసుకుని, సత్యారావు వీపుని విప్పడం మొదలుపెట్టింది.

విప్పిన ఊలు వంకర్లు పోయి ఉంటుంది. చిలపగా చుట్టి, తడిపి, ఆరబెడితేగానీ సాపుగా రాదు. చిలప చుట్టడానికి రెండు చేతులు చాచి పట్టుకునే మనిషి కావాలి. ఆమె మొగుణ్ణి పిలిచింది. ఆయన పీట మీద కూర్చుని చేతులు చాచాడు.

"ఇది నాది కదూ?" అన్నాడు కాసేపటికి.

"మీదే. ఇప్పుడు నాకు."

ఆయన తల ఊపాడు. ఊలు ఆయన చేతుల చుట్టూ తిరుగుతోంది. ఆయన చూపంతా ఊలు మీదే. నాకు రెండో పుట్టుక అలా, ఆ ఇద్దరి మధ్య జరిగింది.

దమయంతి నన్ను తన పాత జాకెట్టు కొలతలతో అల్లింది. రెండు పక్కలూ సమానంగా, జబ్బుకి ముందున్న దమయంతికి సరిపోయేలా. అల్లడం భుజానికి మంచిదే అయింది. వరస వరసకీ చెయ్యి కొంచెం కొంచెం స్వాధీనంలోకి వచ్చింది. బొత్తాలు కుట్టి, దూదిమెత్త జాకెట్లో పెట్టుకుని, పైన నన్ను వేసుకుని, సెలవు అయిపోయిన రోజున బడికి వెళ్ళింది. అద్దంలో చూసుకుంటే ఏ తేడా లేదు. ఆ తేడా లేకపోవడమే ఆమెను రోజంతా భయపెట్టింది. పుస్తకం గుండెకి హత్తుకుని నడిచింది, హత్తుకునే పాఠం చెప్పింది. నా మెత్తదనం గానీ వెచ్చదనం గానీ ఆమెకు తెలిసే వీల్లేదు. ఆమె ధ్యాసంతా మెత్త ఎక్కడుందన్న దాని మీదే.

కొన్నాళ్ళు అలా నడిచింది. ఒక ఉదయం ఆమె బోర్డు పైభాగంలో రాయాల్సి వచ్చింది. చెయ్యి పైకెత్తింది. నేను పైకి లేచాను. నాతోపాటు జాకెట్టూ, దానిలో మెత్తా లేచాయి. చెయ్యి దించినా మెత్త మాత్రం దిగలేదు. మెడ కింద, ఎముక దగ్గర ఉబ్బెత్తుగా నిలిచిపోయింది. దమయంతి వెనక్కి తిరిగింది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదేమో. అందరూ ఒక్కసారిగా పుస్తకాల్లోకి తలలు దించేసుకున్నారు. ఆ దించిన తలల్ని చూసి ఆమె గది బయటికి నడిచింది.

ఇంటికొచ్చి బొత్తాలు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"ఉద్యోగం మానేస్తాను," అంది మొగుడితో.

సత్యారావు మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "నీ ఇష్టం," అన్నాడు.

ఆ మాట ఆయన దయతోనే అన్నాడు. కానీ ఆమె భుజాలు ఇంకా కిందికి జారాయి. అవి నా లోపల ఉన్నాయి కాబట్టి నాకు తెలిసింది. వద్దు అనేవాళ్ళు ఒక్కరైనా ఉంటారని ఆమె ఎదురుచూసింది.

మనుషులు ఇలాంటప్పుడు గదిలో తలుపేసుకుంటారని విన్నాను. దమయంతి ఆ ఆదివారం పొద్దున్నే లేచి, కాఫీ తాగి, కత్తెర తీసుకుంది. నా కుడి ముందు భాగం కుట్టుని కత్తిరించి, భుజం దాకా విప్పేసింది. తర్వాత కొలతల టేపు తీసి తనే కొలుచుకోబోయింది. ఎడమ చేత్తో పట్టుకుంటే వెనక కొస జారిపోతోంది, కుడి చెయ్యి వెనక్కి వెళ్ళదు. టేపు కిందపడింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పడింది.

"ఏవండీ," అని పిలిచింది. "ఒకసారి ఇలా రండి."

సత్యారావు గుమ్మంలో ఆగిపోయాడు. కిటికీలోంచి ఎండ నేరుగా ఆమె మీద పడుతోంది. ఆమె జాకెట్టు విప్పేసి, కొంగు భుజానికి ఒత్తుగా చుట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"కొలత తియ్యాలి. నాకు అందడం లేదు."

"అప్ప వచ్చినప్పుడు తీయించుకోరాదా?"

"ఊళ్ళో అందరి పొలాలూ కొలుస్తారు. నన్ను కొలవలేరా?"

ఆయన వచ్చాడు. టేపు అందుకున్నాడు. ఆమె కొంగు పక్కకి తీసింది.

"చూడండి."

"చూస్తున్నాను."

"గోడకేసి చూస్తున్నారు. గోడ కొలత నాకెందుకు?"

సత్యారావు చూశాడు. నేను ఆమె ఒళ్ళో, ఒక పక్క లేకుండా పడి ఉన్నాను. ఆయన మొహం నాకు బాగా కనిపించింది. అన్నదమ్ములు గట్టు కోసం కొట్టుకునే చోట నిలబడి, గొంతు పెంచకుండా హద్దురాయి పాతించే మనిషి. టేపు ఎక్కడ ఆనించాలో తెలీక తడబడితే కొస వెళ్ళి మచ్చకి తగిలింది. వెంటనే చెయ్యి లాగేసుకున్నాడు.

"టేపు చల్లగా ఉందా?" అన్నాడు.

"లేదు. కొలవండి."

కొలిచాడు. అంకె చెప్పాడు. ఆమెకి కాదు, టేపుకి చెప్పుకున్నట్టు.

"వినపడలేదు."

మళ్ళీ చెప్పాడు. "ఇంత తక్కువేటి? తప్పు చూసినట్టున్నాను," అన్నాడు. మళ్ళీ కొలిచాడు. అంకె మారలేదు. ఆయన టేపు వదిలేసి ఆమె ముందు నేల మీద కూర్చుండిపోయాడు.

"నేను చూస్తే నువ్వు ఏడుస్తావనుకున్నాను," అన్నాడు.

"నేను ఏడిస్తే ఏటవుతాది?"

ఏడ్చింది ఆయనే. దమయంతి ఎడమ చెయ్యి ఆయన తల మీద వేసి, కుడి చేత్తో టేపు చుట్టుకుంటూ కూర్చుంది. కాసేపయ్యాక, "చంక దగ్గర కూడా కొలవాలి, లేవండి," అంది. ఆయన మొహం తుడుచుకుని లేచి కొలిచాడు. తర్వాత, "ఉద్యోగం మానకు," అన్నాడు, అప్పటిదాకా దాని గురించే మాట్లాడుకుంటున్నట్టు. ఆ రాత్రికి ఆయన పడక ముందుగదిలోంచి లోపలికి వచ్చేసింది.

నా కుడి పక్క కొత్తగా పుట్టింది. ఇరుకుగా, పల్లంగా, ఉన్నదున్నట్టు. చంక దగ్గర వదులు ఎక్కువ పెట్టింది. అతుకు మచ్చ మీద పడకుండా కాస్త వీపు వైపుకి జరిపింది. బొత్తాల పట్టీ సరిగ్గా నడిమధ్య నిలవడానికి మూడుసార్లు విప్పి అల్లింది. పూర్తయ్యాక వేసుకుని రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది. మొదటిసారి నేను ఎక్కడా లాగలేదు, ఎక్కడా ముడతపడలేదు. ఆమె ఒళ్ళంతా నాకు తగిలింది. "అబ్బ, ఎంత హాయిగా ఉంది!" అంది పైకే. నన్ను గురించి ఎవరైనా అన్న మొట్టమొదటి మంచి మాట అది.

మెత్త పెట్టుకోకుండానే బడికి వెళ్ళింది. తరగతిలో నిలబడి సుద్దముక్క తీసుకుంది. ముందు బెంచీ పిల్లల తలలు మళ్ళీ దిగబోతున్నాయి. ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"తలలెత్తండి. చూడాలనుంటే చూడండి. నాకు జబ్బు చేసింది, ఒక పక్క కోసి తీసేశారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. చూడ్డం అయ్యాక పుస్తకాలు తియ్యండి."

పిల్లలు చూశారు. నిజంగానే, దాపరికం లేకుండా చూశారు. కాసేపటికి వెనక బెంచీలోంచి ఒక గొంతు, "టీచర్, పాఠమా, వ్యాకరణమా?" అంది.

"వ్యాకరణం," అంది దమయంతి. తరగతంతా ఉసూరుమంది. ఆ ఉసూరుమనడం విని ఆమె ఛాతీ నా లోపల నిండుగా లేచి దిగింది. మనుషుల కుతూహలానికి ఆయుష్షు ఎంత తక్కువో అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళు దాచినదాన్నే వెతుకుతారు. ఎదురుగా పెడితే రెండు రోజుల్లో విసుగొచ్చేస్తుంది వాళ్ళకి.

తర్వాత చాలా చలికాలాలు గడిచాయి. నేను రోజువారీ స్వెటర్ని. కాఫీ ఒలికింది, పోపు వాసన పట్టింది, వానకి తడిసి దండెం మీద ఆరాను. అప్పుడప్పుడూ నరసాపురం నుంచి రూతమ్మ ఫోను చేసి, "స్వెటరు ఎలాగుందండీ?" అని నా యోగక్షేమాలు ముందు అడిగేది.

ఒక ఏడాది పుష్యమాసంలో, మంచు కురిసే రోజుల్లో, కళావతి చెప్పాపెట్టకుండా అరకు వచ్చింది. చలంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. ఎందుకొచ్చావని తమ్ముడు అడిగితే, "రాకూడదేటి?" అని కసిరింది. ఆ పూట ఆమె పెద్ద గొంతు అంతకుమించి వినిపించలేదు. సాయంత్రం వణుకుతూ కూర్చుంటే దమయంతి నన్ను విప్పి ఆమెకిచ్చింది.

కళావతి తొడుక్కుంది. ఎడమ పక్క ఎలాగో పట్టింది. కుడి పక్క పట్టలేదు. బొత్తాం కాజా దాకా రాలేదు. "ఈ పక్కేటే ఇంత బిగుతు..." అని, మాట మధ్యలోనే ఆపేసింది. ఆమె చేతివేళ్ళు నా కుడి పక్క మీద, ఆ పల్లం మీద, మెల్లగా తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆమె ఎన్నోసార్లు నన్ను చూసింది. ముట్టుకున్నది ఆరోజే.

"దమయంతీ," అంది. "నొప్పెట్టిందేటే, అప్పుడు?"

ఎన్నేళ్ళ తర్వాత అడిగిన ప్రశ్న! దమయంతి వదినగారి మొహంలోకి చూసింది. తర్వాత పక్కన కూర్చుని చాలా నెమ్మదిగా, "మీకెక్కడ వదినా?" అంది.

కళావతి ఆమె చెయ్యి పట్టుకుని నా ఎడమ పక్క కిందికి తీసుకెళ్ళి పెట్టింది. నేను ఆ రెండు చేతుల మీదా ఉన్నాను. ఆ గడ్డ నాకూ తగిలింది.

"ఎన్నాళ్ళయింది?"

"దసరా ముందర. ఎవులికీ చెప్పలేదు. ఎలగ చెప్పమంటావు? నీకా రోజు దూదిమెత్త కుట్టి తెచ్చిందాన్ని నేనే కదే." అంత భారీ మనిషీ చిన్నపిల్లలా వెక్కిళ్ళు పెట్టింది. "మీ అన్నయ్యగారికి తెలిస్తే నా మొహం చూడరేమోనే."

"చూస్తారు. మొదట గోడకేసి చూస్తారు. తర్వాత మిమ్మల్ని చూస్తారు," అంది దమయంతి. గుమ్మంలో నిలబడి విన్న సత్యారావు లోపలికి వెళ్ళి ప్రయాణానికి సంచి సర్దడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ విశాఖ వెళ్ళే బస్సెక్కారు. కొండ దిగేకొద్దీ ఎండ పెరిగింది. కళావతి నన్ను విప్పలేదు. "ఉక్కపోస్తున్నాది కదా అప్పా," అని తమ్ముడంటే, "ఉండనీ," అంది. ఆసుపత్రి వరండాలో చెమటతో నేను తడిసి ముద్దయ్యాను. సూదితో తీసిన ముక్క పరీక్షకి వెళ్ళింది. ఫలితం వచ్చేదాకా ముగ్గురూ రూతమ్మకి తెలిసిన వాళ్ళింట్లో ఉన్నారు. ఆ రోజుల్లో దమయంతి అడక్కుండానే అన్నీ చెప్పింది. ఎక్కడ కోస్తారు, ఎంత నొప్పెడుతుంది, ఆ నొప్పి ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పటికీ తగ్గనిది ఏది.

చెడ్డ గడ్డ కాదన్నారు డాక్టరుగారు. చిన్న కోతతో దాన్ని తీసేసి, కుట్లు మానితే చాలన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చుని అప్పుడు విప్పింది కళావతి నన్ను. చెమట మరకలతో, సాగిపోయిన అంచులతో, మడత పెట్టి దమయంతి ఒళ్ళో ఉంచింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకూ ఒకటి అల్లవే," అంది. "ఇలాటిదే. ముందు బొత్తాలుండేది."

దమయంతి నన్ను విప్పి ఒకసారి అటూ ఇటూ చూసింది.

"అల్లుతాను గానీ వదినా, మీకు రెండు పక్కలూ సమానంగా రావాలి. అలవాటు తప్పిపోయింది. మళ్ళీ నేర్చుకోవాలి."

కళావతి ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత ఆమె పెద్ద గొంతు వరండా అంతా మోగేలా పగలబడి నవ్వింది. ఆ వెనకే దమయంతి. నవ్వుతూ నవ్వుతూనే ఇద్దరూ ఏడుపులోకి దిగారు, మళ్ళీ నవ్వులోకి వచ్చారు. మందుల చీటీలతో పోతున్న జనం ఆగి చూశారు. టీలు తేవడానికి వెళ్ళిన సత్యారావు మూడు గ్లాసులూ పట్టుకుని, ఇంతలో ఏం జరిగిందో అర్థంకాక, వాళ్ళిద్దరినీ కళ్ళప్పగించి చూస్తూ అక్కడే నిలబడిపోయాడు.